రంధ్రం నుంచి డంపు దాకా: మెయిన్‌ఫ్రేమ్ మీద నా తొలి ఉద్యోగం

నేను పనిలో చేరినప్పుడు హాల్లో ఉన్నది ఐబీఎం సిస్టమ్/370 అనే మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటరు. దాని మీద ఎంవీఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, జాబులను (మెషిన్‌కు అప్పగించిన పనులను) వరుసలో పెట్టి నడిపే జెస్2, టేపులకు 3420 డ్రైవులు, ముద్రణకు 1403 ప్రింటరు, డేటా లోపలికి పంపడానికి, రంధ్రాలు కొట్టిన అట్ట కార్డులను చదివే కార్డ్ రీడరు. మొదట ఆపరేటర్‌గా, తర్వాత బ్యాచ్ ప్రోగ్రామర్‌గా (మధ్యలో మనిషి జోక్యం లేకుండా వరుసగా నడిచే జాబులకు ప్రోగ్రాములు రాసేవాడిగా) చేసిన ఆ పనిని తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. కార్డులో పడ్డ రంధ్రం, టేపు మీది బైటు, డంపులో (ఆగిపోయిన ప్రోగ్రాము మెమరీని అచ్చువేసిన కాగితాల్లో) కనిపించే హెక్సా అంకె (0-9, ఏ-ఎఫ్‌తో రాసేది, బైటులో సగం), ఈ మూడూ ఒకే లెక్కకు కట్టుబడి ఉండేవి. ఆ లెక్క ఒకసారి పట్టుబడితే, అర్ధరాత్రి ఆగిపోయిన జాబును కాగితం, పెన్సిలుతో విప్పి కారణం చూపించవచ్చు. ఆ పని ఎలా సాగేదో వరుసగా రాస్తాను.

కార్డులో 80 నిలువు కాలమ్‌లు, 12 అడ్డ వరుసలు. పైనుంచి కిందికి వరుసల పేర్లు 12, 11, 0, ఆ తర్వాత 1 నుంచి 9 దాకా. అంకెకు కాలమ్‌లో ఒకే రంధ్రం. అక్షరానికి రెండు: పైన జోన్ రంధ్రం, కింద అంకె రంధ్రం. ఏ నుంచి ఐ దాకా 12 జోన్, జె నుంచి ఆర్ దాకా 11 జోన్, ఎస్ నుంచి జెడ్ దాకా 0 జోన్. 0 జోన్‌లో 1వ స్థానం ఏటవాలు గీతది కాబట్టి ఎస్ 2 దగ్గర మొదలవుతుంది. మెషిన్ లోపల అక్షరాలను బైట్లుగా రాసే ఎబ్‌సిడిక్ కోడ్‌లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది: ఏ అంటే సీ1, జె అంటే డీ1, ఎస్ అంటే ఈ2. ఈ1 దగ్గర అక్షరం ఎందుకు లేదో కార్డు చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్లస్, మైనస్ గుర్తుల సంగతీ అంతే. గుర్తు కోసం విడిగా ఒక కాలమ్ ఖర్చు చేయకుండా, చివరి అంకె ఉన్న కాలమ్‌లోనే పైన 12 గానీ 11 గానీ కొట్టేవాళ్లు. మైనస్ 123 అంటే 1, 2, ఆపైన 11-3. ఈ 11-3 అక్షరాల్లో ఎల్. అందుకే లిస్టింగులో అంకెల ఫీల్డు చివర ఎల్ కనబడితే అది టైపింగ్ పొరపాటు కాదు, మైనస్ 3. జోన్ 12 లోపల సీ అవుతుంది, 11 డీ అవుతుంది. ప్యాక్డ్ డెసిమల్‌లో, అంటే బైటుకు రెండేసి అంకెలు దాచే పద్ధతిలో, చివరి సగం బైటు సీ అయితే ప్లస్, డీ అయితే మైనస్. ఈ ముక్క గట్టిగా గుర్తుంచుకోండి, డంపు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

029 కీపంచ్ (కార్డులో రంధ్రాలు కొట్టే యంత్రం) మీద ఒకరు కొట్టిన డేటాను 059 వెరిఫయర్ మీద ఇంకొకరు మళ్లీ కొట్టేవాళ్లు. రెండూ సరిపోతే కార్డు కుడి అంచున చిన్న గాటు పడేది. సరిపోకపోతే తేడా వచ్చిన కాలమ్ పైన గాటు పడేది. కార్డులన్నీ సరిచేసి కుడి అంచు వైపు నుంచి చూస్తే గాట్లన్నీ ఒకే గీతగా కనబడాలి. గీత తెగిన చోట వెరిఫై కాని కార్డు ఉన్నట్టే. డెక్‌ను (కార్డుల కట్టను) రీడర్‌కు ఇచ్చే ముందు ఈ చూపు తప్పనిసరి.

పెట్టెకు 2000 కార్డులు. రీడర్‌లో పెట్టే ముందు గుత్తిని విసనకర్రలా విప్పి గాలి ఆడించి, నాలుగు అంచులూ బల్ల మీద తట్టి సమం చేయాలి. గాలిలో తేమ ఎక్కువైతే కార్డు ఉబ్బి దారిలో ఇరుక్కుంటుంది. బాగా పొడిగా ఉంటే స్థిరవిద్యుత్తుతో రెండు కార్డులు అతుక్కుని ఒకేసారి లోపలికి పోతాయి. రబ్బరు బ్యాండు బిగించి వదిలేసిన డెక్ అంచుల్లో నొక్కులు పడతాయి, జామ్‌లకు అదీ ఒక పెద్ద కారణం. డెక్ పైఅంచుకు అడ్డంగా మార్కర్‌తో ఒక ఏటవాలు గీత గీస్తే, తారుమారైన కార్డు ఎక్కడుందో కంటికి తెలిసిపోతుంది. అంతకన్నా గట్టి భరోసా 73 నుంచి 80 దాకా ఉన్న కాలమ్‌లలో వరుస సంఖ్య. దాన్ని పదేసి చొప్పున పెంచుతూ వేయాలి, మధ్యలో కొత్త కార్డు చేర్చాలంటే చోటు ఉండాలి కదా. డెక్ కింద పడి చెల్లాచెదురైతే 083 సార్టర్ నిమిషానికి 1000 కార్డుల వేగంతో ఒక్కో కాలమ్ చొప్పున వేరు చేసేది. ఎప్పుడూ కుడి చివరి కాలమ్‌తో మొదలుపెట్టి ఎడమకు రావాలి. ఎడమ నుంచి మొదలుపెడితే ముందు చేసిన అమరికను తర్వాతి విడత చెరిపేస్తుంది.

కోబాల్ ప్రోగ్రామింగ్ భాషలో ఇప్పటికీ 7వ కాలమ్‌లో నక్షత్రం గుర్తు (*) పెడితే కామెంటు, 8 నుంచి ఏ మార్జిన్, 12 నుంచి బీ మార్జిన్, 72 దగ్గర కోడ్ ఆగిపోవడం, ఇవన్నీ ఆ కార్డు గీసిన హద్దులే. తర్వాత 3270 టెర్మినల్ వచ్చి తెర మీద 24 వరుసలు ఇచ్చింది కానీ, వరుస వెడల్పు మాత్రం అదే 80.

ఇక జేసీఎల్, అంటే ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్లతో నడవాలో మెషిన్‌కు చెప్పే భాష. జాబ్ (పని పేరు), ఎగ్జెక్ (ఒక స్టెప్, అంటే నడపాల్సిన ప్రోగ్రాము), డీడీ (అది వాడే ఫైలు), ఈ మూడు స్టేట్‌మెంట్లతో తొంభై శాతం పని అయిపోతుంది. ఏటవాలు గీతలు రెండూ 1, 2 కాలమ్‌లలో, పేరు 8 అక్షరాలకు మించకుండా, పారామీటర్లు 71 లోపు. వరుస చాలకపోతే కామాతో ఆపి, కింది కార్డులో 4 నుంచి 16 లోపు కాలమ్‌లో అందుకోవాలి. 17లోకి జరిగితే జేసీఎల్ ఎర్రర్. కామా తర్వాత ఒక ఖాళీ పడితే మిగిలినదంతా కామెంటు కిందికి పోతుంది. ఇది మాత్రం మెషిన్ ప్రతిసారీ అరిచి చెప్పదు, కొన్నిసార్లు నిశ్శబ్దంగా పారామీటర్‌ను మింగేస్తుంది.

కొత్తవాళ్లను బాగా తిప్పలు పెట్టేది కాండ్ పారామీటర్. దాన్ని "ఈ షరతు నిజమైతే స్టెప్ నడుపు" అని చదివితే అంతా తలకిందులు. షరతు నిజమైతే స్టెప్‌ను వదిలేయమని దాని భావం. "4, ఎల్‌టీ" అని రాస్తే, ముందు స్టెప్పుల్లో ఏదో ఒకదాని రిటర్న్ కోడ్ (అది ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) కన్నా 4 చిన్నదైతే ఈ స్టెప్ నడవదు. అంటే కోడ్ 0 గానీ 4 గానీ వస్తే నడుస్తుంది, 8 వస్తే ఆగుతుంది. నేను ఎవరికి నేర్పినా మొదట సంఖ్య, తర్వాత గుర్తు, ఆ తర్వాత రిటర్న్ కోడ్ అని ఎడమ నుంచి కుడికి బిగ్గరగా చదివించేవాణ్ణి. పది కార్డులు అలా చదివితే ఇక మరిచిపోరు.

రిటర్న్ కోడ్‌లన్నీ సున్నాలు వచ్చినా జాబు లాగ్ చదవకుండా పక్కన పెట్టకూడదు. కొత్త ఫైలు పేరుతో క్యాటలాగ్‌లో (ఫైళ్ల పేర్ల పట్టికలో) పాత ఫైలు అప్పటికే ఉంటే, స్టెప్ హాయిగా ముగుస్తుంది, "నాట్ క్యాట్‌లాగ్డ్ 2" అనే ఒక్క మాట లాగ్‌లో పడుతుంది. తర్వాతి జాబు ఆ పేరుతో నిన్నటి ఫైలును తెరిచి, నిన్నటి లెక్కలే మళ్లీ వేస్తుంది. అబెండ్ అయితే, అంటే జాబు మధ్యలో పడిపోతే, ఎవరైనా చూస్తారు, దీన్ని మాత్రం వెతికితేనే కనబడుతుంది. అందుకే జాబు మొదటి స్టెప్‌గా ఐఈఎఫ్‌బీఆర్14 అనే ప్రోగ్రాము పెట్టి, పాత ఫైలును డిలీట్ డిస్పొజిషన్‌తో ముందే తీసేయించడం మంచి అలవాటు. ఆ ప్రోగ్రాము చేసే పని ఏమీ ఉండదు, వచ్చిన దారిన తిరిగి వెళ్లడమే. పనంతా డీడీ కార్డులదే.

టేపుల దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు, నాకు అంత ఇష్టమైన చోటది. అర అంగుళం వెడల్పు, 2400 అడుగుల రీలు, 9 ట్రాకులు. అంగుళానికి 800, 1600, 6250 బైట్లు, మూడు సాంద్రతలు వాడుకలో ఉండేవి. రీలు వెనక గాడిలో ప్లాస్టిక్ రింగు ఉంటేనే రాయడం కుదురుతుంది, లేకపోతే చదవడమే. మాస్టర్ టేపు లైబ్రరీకి వెళ్లే ముందు రింగు తీసేయడం అక్కడ అందరికీ ప్రాణం లాంటి నియమం. రీలును మధ్య గుండ్రం దగ్గర పట్టుకోవాలి, పక్క రేకులను నొక్కి పట్టుకుంటే టేపు అంచులు నలిగి, అంచు దగ్గరి ట్రాకులు చదవడం కష్టమవుతుంది.

బ్లాకు (ఒకేసారి రాసే రికార్డుల గుంపు) సైజు ఎంత పెట్టాలో చెప్పడానికి టేపే మంచి పాఠం. 1600 సాంద్రతలో రెండు బ్లాకుల మధ్య 0.6 అంగుళం ఖాళీ ఉంటుంది. 80 బైట్ల రికార్డును బ్లాక్ చేయకుండా అలాగే రాస్తే డేటాకు 0.05 అంగుళం, ఖాళీకి 0.6. మొత్తం రీలు 28,800 అంగుళాలు, అందులో సుమారు 44,300 రికార్డులు, అంటే మూడున్నర మెగాబైట్లు. అదే వంద రికార్డులు కలిపి 8000 బైట్ల బ్లాకుగా రాస్తే డేటాకు 5 అంగుళాలు, ఖాళీకి అదే 0.6. ఇప్పుడు రీలులో 41 మెగాబైట్లు పడతాయి. కార్డు మార్చలేదు, ప్రోగ్రాము లాజిక్ మార్చలేదు, జేసీఎల్‌లో ఒక్క సంఖ్య మార్చితే పన్నెండు రీళ్ల పని ఒక్క రీలులో అయిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఈ లెక్క నాకు ఆనందమే ఇచ్చింది.

రీలు మొదట్లో 80 బైట్ల లేబుళ్లు ఉంటాయి: వీఓఎల్1లో రీలు సంఖ్య, హెచ్‌డీఆర్1లో ఫైలు పేరు, గడువు తేదీ, హెచ్‌డీఆర్2లో రికార్డు, బ్లాకు కొలతలు. చివర ఈఓఎఫ్ లేబుళ్లలో బ్లాకుల లెక్క. మౌంట్ చేసిన రీలు సంఖ్య లేబులుతో కలవకపోతే సిస్టమ్ ఒప్పుకోదు. గడువు తీరని టేపు మీద రాయబోతుంటే కన్సోల్ మీద అనుమతి అడుగుతుంది. "యు" అంటే వాడేయ్, "ఎం" అంటే వేరే టేపు పెట్టు. చేయి అలవాటుగా యు వైపు పోకూడదు, లేచి వెళ్లి రీలు మీది స్టిక్కర్ చూసి వచ్చాకే జవాబు కొట్టాలి.

రీడ్ ఎర్రర్ వస్తే డ్రైవు తనంతట తనే టేపును వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చదువుతుంది. ఆ ముందుకు వెనక్కి ఊగిసలాట చప్పుడుతోనే తెలిసిపోతుంది. ఆగక ఎస్001 (చదవడం కుదరలేదనే అబెండ్ కోడ్) వచ్చిందంటే మొదట హెడ్ శుభ్రం చేయాలి: క్లీనింగ్ ద్రవంలో తడిపిన, నూగు రాలని గుడ్డతో హెడ్డు, క్లీనర్ బ్లేడు, టేపు తాకే ప్రతి దారీ తుడవాలి. టేపు మీది ఆక్సైడ్ పొడి ఎక్కువగా అక్కడే పేరుకుంటుంది. అప్పటికీ చదవకపోతే ఇంకో డ్రైవు మీద పెట్టాలి. రాసిన డ్రైవు హెడ్డు కాస్త పక్కకు ఉంటే, అదే డ్రైవు మీద మాత్రమే చదివే టేపులు తయారవుతాయి. రీలు మొదటి కొస నలిగితే డ్రైవు దాన్ని అందుకోలేదు, కొస కత్తిరించాలి. అయితే లోడ్ పాయింట్ (రాత మొదలయ్యే చోటు) చెప్పే వెండి స్టిక్కర్ ముందు చాలినంత పొడవు మిగలాలి. చాలకపోతే స్టిక్కర్‌ను లోపలికి జరపాలి, మొదట ఉన్న డేటా పోతుంది. అందుకే ఆ పని ఖాళీ టేపుకే చేస్తాం.

మెషిన్‌ను మొదలుపెట్టడం, అంటే ఐపీఎల్, చెప్పినంత కష్టం కాదు. సిస్టమ్ ఉన్న డిస్క్ అడ్రసు పెట్టి లోడ్ నొక్కాలి. సిస్టమ్ పారామీటర్లు అడుగుతుంది, జవాబు ఇవ్వాలి. గడియారం సరిచూడాలి, జెస్2ను లేపాలి. జాగ్రత్త పడాల్సింది ఒక్క చోటే. జెస్2 ఆప్షన్లు అడిగినప్పుడు "వార్మ్" అనాలి. "కోల్డ్" అంటే స్పూల్‌లో ఎదురుచూస్తున్న జాబులు, ముద్రణకు ఆగిన రిపోర్టులు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి.

ఇక రాత్రి బ్యాచ్‌లో అందరికీ తెలిసిన అతిథి ఎస్0సీ7, డేటా ఎక్సెప్షన్. లెక్క చేయబోయిన చోట లెక్కకు పనికిరాని బైట్లు ఉన్నాయని దాని అర్థం. డంపు ఎంత లావుగా ఉన్నా చూడాల్సిన చోట్లు తక్కువే. ముందు పీఎస్‌డబ్ల్యూలో (ప్రోగ్రాము ఎక్కడిదాకా వచ్చిందో మెషిన్ గుర్తుంచుకునే చోట) ఉన్న అడ్రసు తీసుకోవాలి. అది ఆగిపోయిన ఇన్‌స్ట్రక్షన్‌ది కాదు, దాని తర్వాతిది. పక్కనే ఇన్‌స్ట్రక్షన్ పొడవు ఉంటుంది. పీఎస్‌డబ్ల్యూ 0ఏ2ఎఫ్56, పొడవు 6 అనుకుందాం. ఆగింది 0ఏ2ఎఫ్50 దగ్గర. ప్రోగ్రాము లోడ్ అయిన అడ్రసు 0ఏ2000 అయితే, తీసేయగా ఎఫ్50 మిగులుతుంది, అదే ఆఫ్‌సెట్. చాలా మాడ్యూళ్లు కలిపి లింక్ చేసిన ప్రోగ్రాము అయితే లింకేజ్ ఎడిటర్ (మాడ్యూళ్లను కలిపే ప్రోగ్రాము) ఇచ్చిన మ్యాప్ చూసి, ఆ మాడ్యూలు మొదలైన ఆఫ్‌సెట్‌ను కూడా తీసేయాలి. కంపైల్ లిస్టింగ్‌లో ఆ ఆఫ్‌సెట్ ఏ కోబాల్ వాక్యానిదో ఉంటుంది. కంపైల్ చేసిన నాటి లిస్టింగే కావాలి. తర్వాత ఒక్క వరుస మార్చి మళ్లీ కంపైల్ చేసినా ఆఫ్‌సెట్లు కదిలిపోతాయి, లేని చోట తప్పు వెతుకుతూ తెల్లారిపోతుంది.

ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు ఎఫ్ఏ అయితే ప్యాక్డ్ కూడిక. తర్వాతి బైట్లలో బేస్ రిజిస్టరు, డిస్‌ప్లేస్‌మెంటు ఉంటాయి. రిజిస్టరు విలువకు డిస్‌ప్లేస్‌మెంటు కలిపితే ఫీల్డు దొరుకుతుంది. మూడు బైట్ల ఫీల్డులో 12 34 5సీ అని ఉంటే అది ప్లస్ 12345, ఏ తప్పూ లేదు. 40 40 40 అని ఉంటే అవి ఎబ్‌సిడిక్ స్పేసులు, చివరి సగం బైటు సున్నా, గుర్తు కాదు. ఎవరో ఆ గ్రూపు మొత్తానికి స్పేసులు మూవ్ చేశారు, లేదా ఫైలు లేఅవుటు మారినా ప్రోగ్రాము మార్చలేదు. 00 00 00 అయితే ఆ ఫీల్డుకు మొదటి విలువే ఇవ్వలేదు.

డిస్‌ప్లే అంకెల ఫీల్డులో, అంటే బైటుకు ఒక్క అంకె ఉండే చోట, స్పేసు దూరితే కథ ఇంకాస్త సూక్ష్మం. దాన్ని ప్యాక్డ్ డెసిమల్‌గా మార్చే ప్యాక్ ఇన్‌స్ట్రక్షన్ ఏదీ పరీక్షించదు. ముందున్న బైట్లలో 40 ఉంటే పై సగం వదిలేసి 0 తీసుకుంటుంది, ఎవరికీ తెలియకుండా సున్నాగా చెల్లిపోతుంది. చివరి బైటు 40 అయితే మాత్రం రెండు సగాలూ తారుమారై 04 అవుతుంది, గుర్తు స్థానంలో 4 వస్తుంది. ఆ తర్వాతి కూడిక దగ్గర మెషిన్ ఆగుతుంది. అంటే తప్పు జరిగిన చోటు ఒకటి, ఆగిన చోటు ఇంకొకటి. కార్డు మీద చివరి కాలమ్ ఖాళీగా వదిలేసిన అదే కీపంచ్ లోపం, నాలుగు జాబులు దాటి, ఇలా తేలుతుంది. దొరికిన రికార్డు కీని బైటు బైటుగా సీ1 ఏ, డీ3 ఎల్, ఎఫ్5 ఐదు అని చదివి పక్కన రాసుకుంటే, ఉదయం యూజర్ డిపార్ట్‌మెంటుకు "ఈ నంబరు అకౌంటు, ఈ ఫీల్డు" అని కచ్చితంగా చెప్పొచ్చు.

చోటు చాలని అబెండ్‌లు మూడు. ఎస్‌డీ37 అంటే ప్రైమరీ (మొదట అడిగిన) స్పేస్ అయిపోయింది, సెకండరీ (అదనపు చోటు) అడగనే లేదు. ఎస్‌బీ37 అంటే ఆ వాల్యూమ్‌లో (డిస్కులో) ఫైలుకు దక్కే 16 ఎక్స్‌టెంట్లూ (చోటు ముక్కలూ) వాడేశారు, లేదా డిస్కులో చోటే లేదు. పార్టిషన్డ్ డేటాసెట్ (మెంబర్లనే చిన్న ఫైళ్లు దాచే లైబ్రరీ) మీద ఎస్‌ఈ37 వస్తే ముందు ఐఈబీకాపీ ప్రోగ్రాముతో కంప్రెస్ చేసి చూడాలి, ఎందుకంటే పాత మెంబర్‌ను మార్చినప్పుడల్లా పాత ప్రతి చోటు అలాగే చచ్చి పడి ఉంటుంది. కంప్రెస్ మధ్యలో మెషిన్ ఆగితే లైబ్రరీ పాడైపోతుంది, కాబట్టి ముందు ఒక కాపీ తీసుకోకుండా మొదలుపెట్టకూడదు.

తప్పు సరిదిద్దాక రీస్టార్ట్. దీన్ని జాగ్రత్తగా చదవండి. జీడీజీ ఫైళ్లలో, అంటే ఒకే పేరు కింద వరుస జనరేషన్లుగా దాచే ఫైళ్లలో, ప్లస్ 1 అంటే కొత్త జనరేషన్, సున్నా అంటే ప్రస్తుతం ఉన్నది. ఒక జాబు నడిచినంతసేపూ ఈ సంఖ్యల అర్థం మారదు, మొదటి స్టెప్‌లో ప్లస్ 1గా చేసిన ఫైలును ఐదో స్టెప్ కూడా ప్లస్ 1 అనే పిలుస్తుంది. కానీ జాబు మూడో స్టెప్‌లో అబెండ్ అయి, అక్కడి నుంచి రీస్టార్ట్ చేస్తే అది కొత్త జాబు. మొదటి స్టెప్ చేసిన ఫైలు ఇప్పటికే క్యాటలాగ్ అయి ఉంటుంది, ఇప్పుడు దాని సంఖ్య సున్నా. జేసీఎల్‌లో రీస్టార్ట్ స్టెప్ పేరు ఒక్కటే మార్చి వదిలేస్తే, చదవాల్సిన చోట ప్లస్ 1 అనే లేని ఫైలును వెతికి జాబు మళ్లీ పడుతుంది. అది అదృష్టం. ముందటి జనరేషన్‌ను సున్నాగా చదివే ఇంకో డీడీ కార్డు ఉంటే అది కొత్తదాన్ని తీసుకుని తప్పుడు లెక్కతో ముగుస్తుంది, దాన్ని మైనస్ 1 చేయాలి. ప్రతి డీడీ కార్డు మీదా వేలు పెట్టి, ఈ ఫైలు పుట్టిందా ఇంకా పుట్టాలా అని అడుగుతూ కిందికి రావడమే పద్ధతి.

చివరగా ప్రింటరు. 1403 ఎన్1 నిమిషానికి 1100 వరుసల దాకా, వరుసకు 132 అక్షరాలు కొట్టేది. ప్రోగ్రాములో రికార్డు 133 ఉండటం మొదటి బైటు కాగితాన్ని నడిపించడానికే: 1 అంటే కొత్త పేజీ, ఖాళీ అంటే ఒక వరుస, సున్నా అంటే రెండు, ప్లస్ అంటే జరగకుండా అదే వరుస మీద మళ్లీ. కాగితం ఎక్కడ ఆగాలో రంధ్రాలతో చెబుతూ ప్రింటరు లోపల తిరిగే క్యారేజ్ టేపులో 12 చానళ్లు, ఒకటో చానల్ పేజీ మొదలు. ప్రోగ్రాము అడిగిన చానల్‌కు టేపులో రంధ్రమే లేకపోతే కాగితం ఆగదు, పెట్టె ఖాళీ అయ్యేదాకా పరుగెత్తుతుంది, స్టాప్ నొక్కాల్సిందే. ఫారం మార్చినప్పుడల్లా క్యారేజ్ టేపు కూడా మార్చాలి, అంగుళానికి 6 వరుసలా 8 వరుసలా అన్న మీటా చూడాలి. 11 అంగుళాల పేజీకి 66 వరుసలో 88 వరుసలో దాన్ని బట్టే. అలైన్‌మెంట్ కోసం మొదటి రెండు పేజీలు కొట్టించి, గళ్లలో అంకెలు సరిగ్గా కూర్చున్నాయో చూసి, మళ్లీ మొదటి నుంచి కొట్టించాలి. ఎన్1 మూత కాగితం అయిపోగానే తనంతట తనే పైకి లేస్తుంది, దాని మీద కార్డు డెక్ గానీ కాఫీ కప్పు గానీ పెట్టకూడదని కొత్తవాళ్లకు మొదటి గంటలోనే చెప్పేవాళ్లం.

షిఫ్టు అప్పగించేటప్పుడు లాగ్ పుస్తకంలో ఆగిన ప్రతి జాబుకూ పేరు, స్టెప్, అబెండ్ కోడ్, చేసిన సవరణ, రీస్టార్ట్ చేసిన స్టెప్, మార్చిన జీడీజీ సంఖ్యలు రాయాలి. ఎర్రర్ ఇచ్చిన టేపుల నంబర్లు, ఏ డ్రైవు మీద ఇచ్చాయో కూడా. ఒకే రీలు రెండు డ్రైవుల మీద ఎర్రర్ ఇస్తే తప్పు రీలుది, వేర్వేరు రీళ్లు ఒకే డ్రైవు మీద ఇస్తే డ్రైవుది. సర్వీస్ ఇంజనీరు వచ్చి మొదట అడిగేదీ ఆ పేజీనే.